యుద్ధంలో గల్లంతైన సైనికులు, యుద్ధఖైదీలు: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్యంలో గుమాస్తాగా పనిచేసి, రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. మాజీ సైనికుల ఇళ్లవాళ్లు కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వస్తుంటారు. పేరులో అక్షరం తేడా, పుట్టిన తేదీ తప్పు, ఆగిపోయిన కుటుంబ పింఛను, ఎక్కువగా ఇవే. రెండేళ్ల కిందట చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ మనవడి బండి మీద వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా. అందులో నాలుగు మడతలు పెట్టిన టెలిగ్రాం. మడతల వెంట చిరిగి, ముట్టుకుంటే నాలుగు ముక్కలయ్యేలా ఉంది. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన 1971 డిసెంబరులో వాళ్ల అన్న గురించి వచ్చిన కాగితం అది. ఆ రోజు ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవారెవరో చదివి "పోయాడట" అన్నారు. తండ్రి కర్మ చేశాడు. తల్లి మాత్రం కన్నుమూసేదాకా ఆ మాట ఒప్పుకోలేదు.

"ఇందులో ఏముందో ఒక్కొక్క మాటా చదివి చెప్పు నాయనా" అంది. చదివాను. చనిపోయాడని ఎక్కడా లేదు. కనబడటం లేదని ఉంది.

చాలాసేపటికి ఆమె నోట వచ్చిన ప్రశ్ననే ఇక్కడ మొదట పెట్టాను. మిగతావి ఆ తర్వాత చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపుల నుంచి వచ్చినవారు అడిగినవి.

గల్లంతయ్యాడంటే చనిపోయినట్టే కదా? రెండు మాటలెందుకు?

చనిపోయినట్టు కాదు. సైన్యం కాగితాల్లో ఇవి వేరువేరు పద్దులు. శవం దొరికినా, పక్కనున్నవాడు కళ్లారా చూసి వాంగ్మూలం ఇచ్చినా "యుద్ధంలో మరణించాడు" అని రాస్తారు. ఏ ఆధారమూ లేకపోతే "గల్లంతు" అని రాస్తారు. విమానం కూలడం, ఓడ మునగడం, మంచుచరియ మీద పడటం లాంటి సందర్భాల్లో బతికే వీలు లేదనిపిస్తే, విచారణ జరిపి "గల్లంతు, మరణించినట్టు భావిస్తున్నాం" అని రాస్తారు. శత్రువు చేతికి చిక్కాడని తెలిస్తే "యుద్ధఖైదీ".

ఒక పద్దు నుంచి మరో పద్దుకు మారడం కూడా జరుగుతుంది. 1971లో మరణించాడని మొదట రాసిన మేజర్ అశోక్ సూరి పేరు మీద 1974 చివర్లో ఇంటికి ఒక చీటీ, 1975లో కరాచీ నుంచి ఒక ఉత్తరం వచ్చాయి. చేతిరాత ఆయనదేనని తేలాక రక్షణ శాఖ ఆయన్ను గల్లంతైనవారి పద్దులోకి మార్చింది. ఆయన తిరిగి రాలేదు. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, మీకొచ్చిన కాగితంలో ఏ మాట ఉందో దాన్నే పట్టుకోండి, ఊళ్లో ఎవరో చెప్పిన అర్థాన్ని కాదు అని. ఆ పెద్దమ్మ ఇంట్లో యాభై ఏళ్ల పాటు తప్పు మాట రాజ్యమేలింది. చదివినవాడు కావాలని చేసిన తప్పు కాదు. కానీ ఆ తల్లిని ఊరంతా మతి చలించినదానిగా చూసింది. నిజానికి కాగితం చెప్పినదానికి కట్టుబడింది ఆమె ఒక్కతే.

యుద్ధఖైదీకి ఉండే హక్కులేమిటి?

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ఇందుకోసమే పుట్టింది. మన దేశం 1950లో దాన్ని ఆమోదించింది, 1960లో చట్టం చేసింది. పట్టుబడిన సైనికుడు చెప్పాల్సింది నాలుగే: పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక నంబరు. అంతకు మించి చెప్పించడానికి కొట్టడం, బెదిరించడం నేరం. తిండి, వైద్యం ఇవ్వాలి. జనం ముందు ఊరేగించి అవమానించకూడదు. పోరు ఆగిన తర్వాత ఆలస్యం చేయకుండా విడిచిపెట్టాలి. ఈ చివరిది 118వ అధికరణం. మనవాళ్ల విషయంలో ఎక్కువగా తలచుకోవాల్సి వచ్చేది దీన్నే.

మనవాడు పట్టుబడ్డాడన్న సంగతి ఇంటికి ఎలా చేరుతుంది?

శిబిరానికి చేరిన వారం లోపు ఖైదీ చేత ఒక కార్డు రాయించాలని ఒప్పందం చెబుతుంది. ఒక కార్డు ఇంటికి, ఇంకొకటి జెనీవాలో రెడ్‌క్రాస్ నడిపే కేంద్ర అన్వేషణ సంస్థకు. అతన్ని పట్టుకున్న దేశం ఒక సమాచార కార్యాలయం తెరిచి పేర్లు పంపాలి. రెడ్‌క్రాస్ ప్రతినిధులు శిబిరాలకు వెళ్లి ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడవచ్చు. పేరు ఒకసారి వాళ్ల పుస్తకంలోకి ఎక్కిందంటే ఆ మనిషిని మాయం చేయడం కష్టం. ఈ పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధంలోనే గట్టిపడింది. 1914 ఆగస్టులో జెనీవాలో మొదలైన ఆ కార్యాలయంలో యుద్ధం ముగిసేసరికి 70 లక్షల కార్డులు పోగయ్యాయి. అన్నీ చేతితో రాసినవి, టైపు కొట్టినవి. గుమాస్తాగా బతికినవాడిని కాబట్టి ఆ అంకె చదివినప్పుడు నా వేళ్లు నొప్పి పుట్టినట్టయింది. ఎంతమంది తల్లుల ఉత్తరాలకు ఆ కార్డులే జవాబులో.

కార్గిల్ యుద్ధంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత 1999 మే 27న పట్టుబడ్డారు. జూన్ 3న ఆయన్ను పాకిస్తాన్‌లోని రెడ్‌క్రాస్ ప్రతినిధులకు అప్పగించారు, వాఘా మీదుగా ఇంటికి వచ్చారు. 2019లో వింగ్ కమాండర్ అభినందన్ ఫిబ్రవరి 27న పట్టుబడి మార్చి 1 రాత్రికి సరిహద్దు దాటారు. ఈ ఇద్దరి విషయంలోనూ పట్టుబడిన సంగతి వెంటనే లోకానికి తెలిసింది. ఎవరూ చూడని చోట, చీకట్లో, కాలికి గుండు తగిలి పట్టుబడ్డ సిపాయికి ఆ రక్ష ఉండదు.

1971 యుద్ధం తర్వాత మనవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదు?

పశ్చిమ సరిహద్దులో పట్టుబడినవారిలో ఆరు వందలకు పైగా మంది 1972 డిసెంబరు 1న వాఘా దాటి వచ్చారు. కొన్ని ఇళ్లవాళ్లు అక్కడికి దండలతో వెళ్లి, ఆఖరి మనిషి దాటేదాకా నిలబడి, ఆ దండలతోనే వెనక్కి వచ్చారు.

1979లో విదేశాంగ సహాయ మంత్రి సమరేంద్ర కుందు పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భావిస్తున్నవారి పేర్లు లోక్‌సభ ముందు పెట్టారు. తర్వాత ఆ జాబితా "54 మంది"గా పేరుపడింది. మేజర్ ఏకే ఘోష్ కథ చాలామందికి గుర్తే. 1971 డిసెంబరు చివర్లో టైమ్ పత్రికలో కటకటాల వెనక ఒక భారత ఖైదీ ఫొటో వచ్చింది. అది ఆయనదేనని ఇంటివాళ్లు గుర్తుపట్టారు. 1983లో ఒకసారి, 2007లో మరోసారి కుటుంబ సభ్యులు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు చూసివచ్చారు. 2007లో వెళ్లినవారు 14 మంది. తమవాళ్లు ఎవరూ కనబడలేదు. తమ దగ్గర భారత యుద్ధఖైదీలు ఎవరూ లేరన్నది పాకిస్తాన్ ఎప్పుడూ చెప్పే మాట.

ఇప్పుడు ప్రభుత్వ ప్రకటనల్లో కనిపించే అంకె 83. వేరువేరు కాలాల్లో గల్లంతై, పాకిస్తాన్ చేతిలో ఉన్నారని మన ప్రభుత్వం భావిస్తున్న రక్షణ సిబ్బంది సంఖ్య అది. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న పరాయి ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. సంబంధాలు ఎంత చెడినా ఈ పద్ధతి ఆగలేదు. జాబితా ఇచ్చిన ప్రతిసారీ ఆ 83 మంది ఊసెత్తుతారు. ఏడాదికి రెండుసార్లు పత్రికలో ఓ మూల వచ్చే నాలుగు వాక్యాల వార్త అది. మీ ఇంట్లో ఎవరూ గల్లంతు కాకపోయినా ఒకసారి ఆగి చదవండి.

93,000 మంది పాకిస్తానీలు మన చేతిలో ఉన్నారు కదా. అప్పుడే మనవాళ్లను ఎందుకు రాబట్టలేదు?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరి గొంతూ పెరుగుతుంది. నాదీ పెరుగుతుంది.

ముందు జరిగినది. ఢాకాలో 1971 డిసెంబరు 16న లొంగిపోయినవారు, వారితో ఉన్న పౌరులు కలిపి సుమారు 93,000. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం కుదిరినా వాళ్ల విడుదల తేలలేదు. లొంగుబాటు భారత్, బంగ్లాదేశ్‌ల ఉమ్మడి సేనలకు జరిగింది కాబట్టి బంగ్లాదేశ్ మాట కూడా చెల్లాలి. 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం కుదిరాక రైళ్లు కదిలాయి. 1974 ఏప్రిల్‌కు ఆఖరి ఖైదీలూ వెళ్లిపోయారు.

ఖైదీలను తూకంలో పెట్టి బేరమాడటాన్ని జెనీవా ఒప్పందం ఒప్పుకోదు. మనం వాళ్లను విడిచిపెట్టడం ధర్మమే, నేను దాన్ని తప్పుపట్టను. నా బాధ వేరు. చేతిలో అంత సమయం, అంత పట్టు ఉన్నప్పుడు మన గల్లంతు జాబితాలో ఒక్కొక్క పేరు పక్కనా "ఎక్కడ కనబడ్డాడు, ఎవరు చూశారు, ఎవరి చేతికి చిక్కాడు" అని రాసి, అవతలివాళ్ల చేత ఒక్కొక్క పేరుకూ జవాబు రాయించి సంతకం పెట్టించుకోవలసింది. జాబితా 1979లో సభ ముందుకు వచ్చిందంటే అప్పటికే ఖైదీల రైళ్లు వెళ్లి దాదాపు అయిదేళ్లయింది. 2011లో గుజరాత్ హైకోర్టు ఈ విషయాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లమని కేంద్రానికి చెప్పింది. 2012లో సుప్రీంకోర్టు ఆ ఆదేశం మీద స్టే ఇచ్చింది.

వాళ్లు ఇప్పటికీ బతికి ఉండవచ్చా?

1971లో ఇరవై అయిదేళ్లవాడికి ఇప్పుడు ఎనభై వస్తుంది. లెక్క మీరే వేసుకోగలరు. నేను ఆశ కల్పించను, ఉన్న ఆశను లాగేసుకోను కూడా. బతికి ఉన్నా లేకపోయినా కుటుంబానికి జవాబు రావలసిందే. ఏ జైల్లో, ఏ తేదీన, ఏ సమాధిలో అని తెలియాలి. "పోయాడు" అనడానికైనా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఏళ్లు గడిచాక శవం దొరికిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, మన దేశంలోనే.

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ బయలుదేరిన వాయుసేన ఏఎన్-12 విమానం 102 మందితో రోహ్‌తాంగ్ కొండల్లో మాయమైంది. 2003లో పర్వతారోహకులకు శిథిలాలు, ఒక జవాను అవశేషాలు కనబడ్డాయి. తర్వాత సైన్యం చాలాసార్లు వెళ్లింది. 2024 సెప్టెంబరు చివర్లో మరో నలుగురు దొరికారు, 56 ఏళ్ల తర్వాత. జేబుల్లో మిగిలిన కాగితాలు, వేతన పుస్తకం గుర్తుపట్టడానికి సాయపడ్డాయి. మంచు కాగితాన్ని కూడా దాచిపెట్టింది.

సియాచిన్‌లో 1984 మే 29న మంచుచరియ కింద పడిన లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా 2022 ఆగస్టులో ఒక పాత బంకరులో దొరికారు. పక్కనే గుర్తింపు బిళ్ల, దాని మీద సైనిక నంబరు. 38 ఏళ్ల తర్వాత హల్ద్వానీలో భార్య, కూతుళ్ల ఎదుట అంత్యక్రియలు జరిగాయి. తండ్రి వెళ్లినప్పుడు పసిపిల్లలు వాళ్లు.

సముద్రం ఇంత దయ చూపదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళుతూ 29 మందితో ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది అందులో ఉన్నారు. నెలల తరబడి వెతికినా ఒక్క ముక్క దొరకలేదు. 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనం తీసిన చిత్రాల్లో శిథిలాలు కనబడ్డాయి. ఏడున్నరేళ్ల పాటు ఆ ఇళ్లలో ఫోను మోగిన ప్రతిసారీ ఏమైవుంటుందో ఊహించండి. 1971 డిసెంబరు 9న మునిగిన ఐఎన్ఎస్ ఖుక్రీలో 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. వాళ్లకు సముద్రమే సమాధి.

దొరికిన అవశేషాలు మనవాడివేనని ఎలా చెబుతారు?

ఇది మన జిల్లా కళ్లారా చూసింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలినప్పుడు, అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ అందులో ఉన్నారు. మరణించాడని అందరికీ తెలుసు. అయినా ఏ శరీరం ఎవరిదో తేల్చాలి. డీఎన్‌ఏ సరిపోల్చి డిసెంబరు 11న నిర్ధారించారు, 12న ఊరికి తెచ్చారు. ఆ మధ్య రోజుల్లో "ఇంకా ఎందుకు పంపడం లేదు" అని కొందరు కోప్పడ్డారు. ఆ కోపం నాకు అర్థమైంది. కానీ తొందరపడి తప్పు పెట్టె పంపితే రెండు ఇళ్లకు ద్రోహం జరిగేది. ఆ నాలుగు రోజుల ఆలస్యం గౌరవమే అని నేను ఇప్పటికీ అంటాను.

పాత ఎముకల విషయంలో పని ఇంకా నెమ్మది. మొదట పుర్రె, పళ్లు, ఎముకల పొడవు చూసి వయసు, ఎత్తు అంచనా కడతారు. సైన్యంలో చేరినప్పటి పళ్ల వివరాలు, ఛాతీ ఎక్స్‌రే ఉంటే సరిపోల్చుతారు. మెడ కింది ఎముక ఆకారం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ పాత ఎక్స్‌రే చాలా పనికొస్తుంది. తర్వాత డీఎన్‌ఏ.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పాత ఎముకల్లో ఎక్కువగా మిగిలేది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అది తల్లి నుంచి బిడ్డలకు వస్తుంది, తండ్రి నుంచి రాదు. కాబట్టి సైనికుడి కొడుకు రక్తం ఈ పరీక్షకు పనికిరాదు. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అక్కచెల్లెళ్ల పిల్లలు, మేనమామ, తల్లికి తోడబుట్టిన పెద్దమ్మ, చిన్నమ్మ రక్తం పనికొస్తుంది. ఆ చంద్రగిరి పెద్దమ్మ తన అన్నకు మిగిలిన ఆఖరి సాక్ష్యం అన్నమాట. ఆమె ఆ మాట విని తన ముంజేతిని తిప్పి చూసుకుంది.

అమెరికా తమవాళ్ల కోసం ఇప్పటికీ వెతుకుతుందంటారు. నిజమా?

నిజం. డీపీఏఏ అనే ప్రత్యేక సంస్థ రక్షణ శాఖ కింద 2015 నుంచి నడుస్తోంది. అంతకు ముందు వేరువేరు విభాగాలు చేసిన పనిని అందులో కలిపారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇప్పటివరకు లెక్క తేలని అమెరికన్లు సుమారు 81,000 మంది ఉన్నారు. ఎక్కువమంది రెండో ప్రపంచ యుద్ధం నాటివారు, వారిలో సగానికి సగం సముద్రంలో పోయినవారు. చరిత్రకారులు పాత పత్రాలు చదివి చోటు గుర్తిస్తారు. బృందాలు వెళ్లి మట్టిని జల్లెడ పడతాయి. హవాయి, నెబ్రాస్కాల్లోని ప్రయోగశాలల్లో ఎముకలు పరీక్షిస్తారు. పెర్ల్ హార్బర్‌లో 1941లో మునిగిన ఓక్లహామా ఓడవారిలో గుర్తు తెలియక కలిపి పాతిపెట్టిన 388 మందిని 2015లో మళ్లీ వెలికితీశారు. ఆరేళ్లలో 350 మందికి పైగా ఎవరెవరో తేల్చి ఇళ్లకు పంపారు.

వాళ్లు మన దేశానికీ వస్తుంటారు. 1942 తర్వాత అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన అమెరికా విమానాలు అరుణాచల్ కొండల్లో ఎన్నో కూలాయి. ఆ శిథిలాల దగ్గర దొరికిన అవశేషాలను 2016లో ఢిల్లీ నుంచి సాగనంపారు. 2021 నుంచి గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఈ పనిలో వారితో కలిసి నడుస్తోంది. అంటే ఈ విద్య మన పిల్లలకు వస్తోంది. నా కోరిక ఒక్కటే. ఆ విద్య మనవాళ్ల కోసమూ పనిచేయాలి. గల్లంతైన సైనికులను వెతకడమే పనిగా పెట్టుకున్న సంస్థ మన దేశంలో లేదు. విదేశాంగ శాఖ కొంత, రక్షణ శాఖ కొంత, రెజిమెంటు కొంత చూస్తాయి. కనీసం కుటుంబాల రక్త నమూనాలు ఒకచోట భద్రపరిచే ఏర్పాటు రావాలి. ఎనభై ఏళ్ల చెల్లెళ్లు కాలం కోసం ఆగరు.

ఏడేళ్లు దాటితే చనిపోయినట్టే లెక్క అంటారు. పింఛను ఎప్పుడు వస్తుంది?

రెండూ వేరు. ఏడేళ్ల పాటు, తెలిసి ఉండాల్సినవారికి ఎవరికీ ఆచూకీ తెలియకపోతే మరణించినట్టు న్యాయస్థానం భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షన్. ఏ తేదీన చనిపోయాడన్నది మాత్రం దీనివల్ల తేలదు. తేదీ మీద ఆధారపడిన బీమా, ఆస్తి వివాదాలు ఇక్కడే చిక్కుపడతాయి.

పింఛను కోసం ఏడేళ్లు ఆగనక్కర్లేదు. యుద్ధంలో గల్లంతైతే సైనిక విచారణ తర్వాత యూనిట్, రికార్డ్స్ ఆఫీసు కాగితాలు కదుపుతాయి. సెలవులో ఇంటికి వస్తూ దారిలో కనబడకుండా పోతే పోలీసు ఫిర్యాదు వెంటనే ఇవ్వాలి. ఫిర్యాదు ఇచ్చి ఆరు నెలలు దాటాక, మనిషి తిరిగివస్తే డబ్బు వెనక్కి కడతామని బాండు రాసిచ్చి కుటుంబ పింఛను కోరవచ్చు. ఫిర్యాదు ఆలస్యమైతే ఇంకో చిక్కు ఉంది. సెలవు ముగిసినా రాలేదని 30 రోజుల తర్వాత విచారణ జరిపి, అతన్ని పారిపోయినవాడిగా రాసే వీలు చట్టంలో ఉంది. ఆ ముద్ర పడిందంటే తుడవడానికి ఏళ్లు పడుతుంది. నాకు తెలిసిన ఒక ఇల్లాలు పేరుపేరునా తొమ్మిది అర్జీలు పెట్టాల్సి వచ్చింది.

తాళి, బొట్టు తీసేయాలా? కర్మ చేయాలా?

ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగేది ఇదే. నేను పురోహితుణ్ణి కాదు. ఆచూకీ లేనివాడికి పన్నెండేళ్లు చూసి, దర్భలతో ప్రతిమ చేసి దహనం చేసి కర్మ జరిపించే విధి మన సంప్రదాయంలో ఉంది. అంతవరకు ఆగమనేకదా దాని అర్థం. కొందరు కపిలతీర్థంలో ఏటా మహాలయ అమావాస్యకు పెద్దలతో పాటు తర్పణం వదులుతారు. కొందరు వదలరు. కొండకు వెళ్లి తలనీలాలు ఇస్తానని మొక్కుకుని, కొడుకు వచ్చాకే ఇస్తానని ముప్పై ఏళ్లు జడ వేసుకున్న తల్లిని నేను చూశాను. పింఛనుకు ఇచ్చే బాండుకీ, మెడలోని తాళికీ సంబంధం లేదు. డబ్బు తీసుకుంటున్నావు కాబట్టి బొట్టు తీసేయ్ అనే హక్కు అత్తింటివారికి గానీ, ఊరికి గానీ లేదు. ఆ ఇల్లాలు ఎప్పుడు అనుకుంటే అప్పుడు. ఎన్నటికీ అనుకోకపోయినా సరే.

మా ముత్తాత తెల్లదొరల కాలంలో సింగపూరు వెళ్లి తిరిగి రాలేదు. ఎక్కడ వెతకాలి?

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది పేర్లు నిలిపింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకవచ్చు. సమాధి లేనివారి పేర్లు స్మారకాల మీద చెక్కారు. సింగపూరులోని క్రాంజీ స్మారకం మీద 24,000కు పైగా, మయన్మార్‌లోని తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద సుమారు 27,000 పేర్లున్నాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినప్పుడు జపాన్‌కు చిక్కిన భారత సైనికులు నలభై వేలకు పైమాటే. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివారిలో చాలామందిని న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు కూలి పనికి తరలించారు. ఆకలితో, జబ్బులతో అక్కడే రాలిపోయారు.

వెతికేటప్పుడు ఒక కిటుకు గుర్తుంచుకోండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చేరినవారి కాగితాల్లో చంద్రగిరి, చిత్తూరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉంటాయి. తిరుపతిని ఇంగ్లీషువాళ్లు "త్రిపెటీ" అని కూడా రాశారు. ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. వెంకటప్ప నాలుగు రకాలుగా కనబడతాడు. తండ్రి పేరు, ఊరు కలిపి చూస్తేనే మనవాడు దొరుకుతాడు.

అవతలివాళ్ల సైనికులు మన దగ్గర గల్లంతైతే?

అదే గౌరవం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా నావికులతో ఇప్పటికీ అక్కడే ఉంది. మన నౌకాదళం ఆ చోటును కదిలించకుండా వదిలేసింది. కరాచీలో వాళ్ల చెల్లెళ్లూ ఉంటారు.

రష్యా సైన్యంలో చేరి కనబడకుండా పోయిన మన యువకుల సంగతి?

ఉద్యోగమని చెబితే నమ్మి వెళ్లినవారు వీళ్లు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన ప్రకారం 126 మంది చేరారు, 96 మంది తిరిగివచ్చారు, 12 మంది మరణించారు, 16 మందిని రష్యా గల్లంతైనవారిగా చూపింది. మీకు తెలిసినవారుంటే ఏజెంటుతో మాట్లాడుతూ కూర్చోవద్దు. విదేశాంగ శాఖకు, మాస్కోలోని మన రాయబార కార్యాలయానికి పాస్‌పోర్టు నకలు, చివరి సందేశం జతచేసి రాయండి. ఢిల్లీలోని రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కార్యాలయానికీ ఒక ప్రతి పంపండి. ఉక్రెయిన్ యుద్ధంలో గల్లంతైనవారి కోసం రెడ్‌క్రాస్ ప్రత్యేక విభాగమే నడుపుతోంది.

"మీవాణ్ణి ఫలానా జైల్లో చూశాం, డబ్బిస్తే ఉత్తరం తెస్తాం" అంటున్నారు. ఇవ్వవచ్చా?

ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. రెడ్‌క్రాస్, ప్రభుత్వం ఈ పనికి డబ్బు తీసుకోవు. అలా ఫోను చేసినవారి నంబరు, చెప్పిన మాటలు తేదీతో రాసిపెట్టి పోలీసులకు ఇవ్వండి.

మేం ఇప్పుడు మొదలుపెట్టాలంటే ఎక్కడి నుంచి?

సైనిక నంబరు నుంచి. పేరుతో వెతికితే వందమంది తేలతారు, నంబరుతో ఒక్కడే. అది తెలిస్తే అతని దళం రికార్డ్స్ ఆఫీసుకు రాయవచ్చు. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు, అంటే సైనిక ఇంజనీర్లకు, బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ దళానికి సికింద్రాబాద్. ఎలా రాయాలో తెలియకపోతే చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మళ్లీ అడగండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నకలు చాలు.

నంబరు కాగితాల్లో లేకపోతే మనియార్డరు ముక్కల మీద, ఫొటో వెనక, పాత ఉత్తరాల చిరునామాలో చూడండి. అవీ లేకపోతే ట్రంకు పెట్టె. సైనికుడి నల్ల ట్రంకు మూత మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు రాసి ఉంటాయి.

చంద్రగిరి పెద్దమ్మకు ఈ మాట చెప్పగానే లేచి నిలబడింది. ఆ పెట్టె ఇంట్లోనే ఉందట, అటక మీద, చింతపండు పోసి. ఆ రాత్రి ఎనిమిదింటికి మనవడు ఫొటో పంపాడు. మసి మీద తడిగుడ్డతో తుడిచిన జాడలు. మొదటి అయిదు అంకెలు స్పష్టంగా ఉన్నాయి, ఆరోది సున్నానో ఎనిమిదో తెలియడం లేదు, ఆ పైన రంగు పెచ్చులూడిపోయింది. రెండు నంబర్లూ రాసి రికార్డ్స్ ఆఫీసుకు మర్నాడే ఉత్తరం పంపాం. సంతకం ఆమే పెట్టింది, తెలుగులో, అన్న పేరు ముందు రాసి, దాని కింద "చెల్లెలు" అని.